తొమ్మిది గడుల కూడిక

ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణం పైన, మూడో అంతస్తులో మా ఆఫీసు ఉండేది. ఇతరుల లెక్కలు తెచ్చుకుని చేసిపెట్టడం మా పని. సొంతంగా కంప్యూటరు లేదు. ఊరి చివర ఒక పెద్ద సంస్థలో యంత్రం ఉండేది. మేం కార్డుల మీద చిల్లులు పొడిచి, వరస తప్పకుండా పెట్టెల్లో సర్ది, ఆటోలో అక్కడికి పంపేవాళ్లం. మర్నాడో ఆ మర్నాడో జవాబులు కాగితాల దొంతరలుగా తిరిగొచ్చేవి. ఎక్కడైనా ఒక కామా తప్పిపోతే పెట్టె వెళ్లినట్టే వెనక్కి వచ్చేది.

డెబ్బైల నడుమ, బీయస్సీ లెక్కలు పూర్తి కాగానే నేను అక్కడ చేరాను. మా ఇల్లు నాంపల్లి స్టేషను వెనక సందులో. నాన్న కోర్టులో గుమాస్తా. ఉర్దూలో చదువుకుని, ఉర్దూలో ఫైళ్లు రాసి, రాష్ట్రం ఏర్పడ్డాక నడివయసులో ఇంగ్లీషు టైపు నేర్చుకున్నవాడు. ఆడపిల్ల ఉద్యోగానికి పోవడం మా ఇంట్లో అదే మొదలు. నాన్న ఒప్పుకోవడానికి పెద్ద కారణం ఆఫీసు ఇంటికి నడిచిపోయేంత దూరంలో ఉండడమే.

నేను చేరిన కొన్ని నెలలకు టెలిఫోను వాళ్లు వచ్చి తీగ లాగి వెళ్లారు. ఆ వారమే ఒక పెద్ద టైపు మిషను వచ్చింది. మామూలు మిషనుకు ఉండే అక్షరాల కాడలు దానికి లేవు. ఒంటినిండా అక్షరాలున్న నిమ్మకాయంత బంతి ఒకటి గిరుక్కున తిరుగుతూ కాగితాన్ని కొట్టేది. మనం టైపు చేసింది తీగ వెంట ఊరి చివరి యంత్రానికి పోయి, జవాబు అదే బంతితో మన కళ్లముందే అచ్చయ్యేది. కార్డుల పెట్టెలు మోసిన మాకు అది నమ్మశక్యం కాని సుఖం.

ఆ బంతి మీద ఇంగ్లీషు అక్షరాలతో పాటు వింత గుర్తులు కూడా ఉండేవి. సున్నా నడుమ నిలువు గీత, సున్నా నడుమ అడ్డ గీత, బాణాలు, తలకిందులైన త్రికోణాలు. ఆ మిషను మీద రాయాల్సిన భాష పేరు ఏపీఎల్. కార్డులు పొడిచే ఆమె ఆ పేరు విని, "ఏంది, ఆంధ్రప్రదేశ్ వాళ్లు చేసిన్రా దీన్ని?" అని అడిగింది. అందరం నవ్వాం. మా మేనేజరు నవ్వలేదు. కర్నూలు నుంచి ఆఫీసులు హైదరాబాదుకు తరలివచ్చినప్పుడు తండ్రితో పాటు వచ్చి ఇక్కడే పెరిగినవాడాయన. ఇరవై ఏళ్లయినా మాటలో సొంత జిల్లా గుంటూరు యాస పోలేదు. పనిలో నిక్కచ్చి మనిషి. తనకు అర్థం కాని దాన్ని తన గదిలో ఉంచుకోవడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. ఆ మిషను విషయంలో మొదటి నుంచీ ఆయనకు అదే ఇబ్బంది.

ఆ భాషను మాలో అందరికంటే ముందు పట్టుకున్నది టీచరమ్మ. మెదక్ మిషనరీ బడిలో చాలా ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి కాబట్టి ఆఫీసులో అందరూ అట్లాగే పిలిచేవాళ్లు. భర్త పోయాక సికింద్రాబాదులో చెల్లెలింటికి వచ్చి, కంప్యూటరు కోర్సు ఒకటి చేసి, నలభై దాటాక ఈ ఉద్యోగంలో చేరింది. లేతరంగు నూలు చీరలు, మందపాటి కళ్లద్దాలు, చేతిలో ఎప్పుడూ ఒక గుడ్డసంచి. పొద్దున్నే సికింద్రాబాదులో రైలెక్కి నాంపల్లిలో దిగేది. నేను స్టేషను గేటు దగ్గర నిలబడేదాన్ని. ఇద్దరం కలిసి స్టేషను రోడ్డు మీదుగా ఆబిడ్స్‌కు నడిచేవాళ్లం. రోడ్డు దాటేటప్పుడు ఆమె నా మోచేయి పట్టుకునేది. అది వాత్సల్యం అనుకున్నాను. మాట్లాడేటప్పుడు మాత్రం ముఖంలోకి చూడకుండా కాస్త పక్కకు చూసేది. దానికి ఆఫీసులో కొందరు పొగరని పేరు పెట్టారు.

జ్వరాల పటం పని వచ్చింది ఆ వానాకాలంలోనే. దోమల మందు కొట్టించే శాఖ ఒకటి, నాంపల్లి నుంచి కాచిగూడ, చాదర్‌ఘాట్ దాకా ఉన్న ఊరిని చదరపు గడులుగా విడగొట్టి, ఒక్కో గడిలో ఎన్ని ఇళ్లలో జ్వరాలున్నాయో రాసి ఇచ్చింది. వాళ్లు అడిగింది చిన్న లెక్కే. దోమకు గడి గీతలు తెలియవు కాబట్టి, ఏ గడిలో ఎన్ని జ్వరాలున్నాయో చూస్తే చాలదు. ప్రతి గడికీ దాని చుట్టూ ఉన్న ఎనిమిది గడుల సంఖ్యలు కూడా కలిపి, మొత్తం ఎక్కువ వచ్చిన చోట ముందు మందు కొట్టాలి. వారం వారం కొత్త సంఖ్యలు వస్తాయి. వారం వారం మళ్లీ కూడాలి.

మేనేజరు ఆ ప్రోగ్రాం తనే రాశారు. కార్డుల మీద, తనకు అలవాటైన పాత కంప్యూటరు భాష ఫోర్ట్రాన్‌లో. ఆ పద్ధతిలో ఒక్కొక్క గడి దగ్గరికీ పోయి, దాని పక్కవాటిని పేరుపేరునా అడిగి కూడుకోవాలి. నడుమ గడులకు చుట్టూ ఎనిమిది ఉంటాయి. అంచు గడులకు అన్ని ఉండవు. మూలలకు ఇంకా తక్కువ. నాలుగు అంచులకూ నాలుగు మూలలకూ విడివిడిగా రాసేసరికి ప్రోగ్రాం పేజీలకు పేజీలయింది. నడిచింది కానీ, చాదర్‌ఘాట్ వైపు, మూసీ ఒడ్డున ఉన్న చివరి వరసలో మొత్తాలు తక్కువొస్తున్నట్టు ఆయనకే అనుమానం కలిగింది. ఎక్కడ తప్పో దొరకలేదు. ప్రోగ్రాం అచ్చుకాగితాలు తెచ్చి టీచరమ్మ బల్ల మీద పెట్టారు.

"టీచర్ గారూ, మీరొకసారి చూసి పెట్టండి. నా కళ్లకు అలవాటైపోయి తప్పు కనబడటం లేదు."

ఆమె సరేనంది. నా బల్ల ఆమెకు ఎదురుగా ఉండేది. మధ్యాహ్నం దాకా ఆమె ఆ కాగితాల ముందు కూర్చుంది. ఒక్క పేజీ కూడా తిప్పలేదు. పెన్సిలు చేతిలో ఉంది కానీ కాగితాన్ని తాకలేదు. అందరూ టిఫిన్లకు లేచాక నన్ను పిలిచింది.

"బిడ్డా, జర ఇది చదువు. గట్టిగ కాదు, మెల్లగ."

మొదటి పేజీ చదివాను. రెండో పేజీ సగంలో ఆగి, "టీచరమ్మా, మీకు అక్షరాలు కనబడ్తలేవా?" అని అడిగాను.

"ఔ, కనబడ్తలేవు," అంది. టైమెంతయింది అని అడిగితే చెప్పినంత మామూలుగా చెప్పింది. "పక్కలు కనబడ్తయి, నడుమ కనబడదు. నీ దిక్కు సీదా చూస్తే నీ చెవులు కనబడ్తయి, జడ కనబడ్తది, ముఖం ఉండదు. పక్కకు చూస్తే జర కనబడ్తవు. పెద్ద అక్షరాలైతే గట్లనే చదువుకుంట. గీ చిన్న అక్షరాలు నాతోని కాదు."

"ఎప్పటిసంది?"

"మెదక్‌ల ఉన్నప్పుడే షురూ అయింది. ఈడికొచ్చినంక ఎక్కువైంది. కండ్ల దవాఖానల చూపెట్టిన. లోపట మచ్చ అన్నరు. అద్దాలు మార్చితే పోదన్నరు."

"సార్‌కు చెప్పుండ్రి."

"చెప్తే ఏమంటడు? అయ్యో పాపం అంటడు, ఇంట్ల కూసోమంటడు. ఆ రెండూ నాకొద్దు."

నాకు జాలి కలగలేదు. మొదట కలిగింది చిరాకు. ఇంత పెద్ద సంగతి ఇక మీదట నేను కూడా మోయాలి కదా అనిపించింది. రోడ్డు దాటేటప్పుడు మోచేయి పట్టుకోవడం ఎందుకో కూడా అప్పుడే అర్థమైంది, అది కూడా కాస్త నొచ్చుకునేటట్టు చేసింది. కానీ మిగతా పేజీలు చదివాను. సగం దూరం పోయాక ఆమె చెయ్యెత్తి ఆపింది.

"చాలు బిడ్డా. ఇంత పొడుగు నా తలల నిలువదు. ఒక్కొక్క గడి కాడికి పోయి అడుగుడు ఎందుకు? పొద్దున రైల్ల కూసొని ఆలోచిస్త."

మర్నాడు స్టేషనులో దిగుతూనే ఆమె ముఖం వెలిగిపోయి ఉంది. స్టేషను రోడ్డంతా చెబుతూనే నడిచింది. నాకు సగమే ఎక్కింది. ఆఫీసుకు పోయాక గీతలు దించుకునే పల్చటి బటర్ పేపరు మూడు ముక్కలు కోసి, మూడింటి మీదా ఒకే పటం గీయమంది. చిన్న పటం, తొమ్మిది గడులో పన్నెండు గడులో. అంకెలు మాత్రం వేలెడంత, నల్లటి స్కెచ్ పెన్నుతో.

"మొదటి కాగితం కదపకు. రెండోది ఒక్క గడి ఎడమకు జరుపు. మూడోది ఒక్క గడి కుడికి జరుపు. ఒకదాని మీద ఒకటి పెట్టు. ఏమైంది?"

చూశాను. ప్రతి గడిలోనూ మూడు అంకెలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ఆ గడిది, దాని ఎడమ పక్కది, కుడి పక్కది.

"కూడు. ఆ కూడింది మళ్ల కొత్త పటం అనుకో. దానికి మూడు కాగితాలు చేసి, ఒకటి మీదికి జరుపు, ఒకటి కిందికి జరుపు. మళ్ల కూడు. తొమ్మిది గడులు వచ్చినయా లేదా?"

వచ్చాయి. ఒక్క గడి దగ్గరికీ పోలేదు, ఎవరినీ ఏమీ అడగలేదు. పటం పటమే జరిగింది. కొత్త భాషలో పట్టిక మొత్తాన్ని ఒకే వస్తువుగా పట్టుకుని జరపవచ్చు. నిలువు గీత ఉన్న సున్నా గుర్తు పటాన్ని పక్కకు జరుపుతుంది, అడ్డ గీత ఉన్నది పైకీ కిందికీ జరుపుతుంది. ఆమె నోటితో చెబుతుంటే నేను మిషను ముందు కూర్చుని ఒక్కో గుర్తూ వెతుక్కుంటూ కొట్టాను. మొత్తం ఒకే ఒక్క వరస:

(¯1⊖T)+T+1⊖T←(¯1⌽M)+M+1⌽M

M అంటే జ్వరాల పటం. T అంటే పక్కలు కూడిన పటం. దీన్ని కుడి నుంచి ఎడమకు చదవాలి, ఆ భాషకు అది నియమం. మేనేజరు పేజీలు చేసే పనంతా ఇందులో ఉంది. బంతి తిరిగింది, పట్టిక అచ్చయింది. టీచరమ్మ కాగితం చూడలేదు. తల వంచి మిషను చప్పుడు విన్నది.

"వచ్చిందా?"

"వచ్చింది టీచరమ్మా," అన్నాను. కానీ అంకెలు దించుకుంటున్నప్పుడు ఒకచోట ఆగిపోయాను. పటంలో పడమటి అంచున, మా ఇంటి వెనక రైలు పట్టాలున్న గడికి పెద్ద మొత్తం వచ్చింది. ఆ గడిలో మనుషులే ఉండరు. దాని పక్క గడుల్లోనూ జ్వరాలు తక్కువే. అదే చెప్పాను.

"రైలు పట్టాలకు జ్వరం ఎట్లొచ్చింది టీచరమ్మా?"

ఆమె వేలితో బల్ల మీద గడులు గీసి చూసుకుంది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. ఆమె అంతగా నవ్వడం అంతకు ముందు నేను చూడలేదు. అద్దాలు తీసి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"పటాన్ని జరిపితే అంచుల ఉన్నది ఏడికి పోవాలె? బయట పడిపోవాలె. ఇది పడనిస్తలేదు బిడ్డా. గుండ్రంగ తిప్పి అవతలి అంచుకు తెస్తున్నది. చాదర్‌ఘాట్ జ్వరం తెచ్చి నాంపల్లిల పడేసింది."

దానికి ఉపాయం కూడా అప్పుడే ఆలోచించి చెప్పింది. జరపడానికి ముందే పటానికి నాలుగు వైపులా సున్నాల వరస ఒకటి అతికించాలి. తిరిగి వచ్చేవి ఆ సున్నాలే అవుతాయి, సున్నా కలిస్తే నష్టం లేదు. చివర్లో ఆ అంచు కత్తిరించి పారేయాలి. ముందొక చిన్న వరస, వెనకొక చిన్న వరస చేరాయి. మళ్లీ కొట్టాను. రైలు పట్టాల జ్వరం తగ్గిపోయింది.

సాయంత్రం ఇంట్లో ఆ వరస ఒక కాగితం మీద రాసి నాన్నకు చూపించాను. కుడి నుంచి చదవాలంటే ఆయనకు సంబరమైంది. "గిదేంది, ఉర్దూ లెక్కనే ఉన్నదే! మరి రేపు మీ సార్‌కు సమజ్ కాకపోతే ఆయన తప్పేంది?" అన్నాడు. ఆ తర్వాత మోకాలి మీద కాగితం పెట్టుకుని, కుడి నుంచి ఎడమకు వేలు జరుపుతూ చాలాసేపు చూసి, ఏమీ తెలియలేదని తిరిగి ఇచ్చేశాడు.

మేనేజరుకు మర్నాడు చూపించాం. ఆయన నిలబడే చదివారు, అంటే చదవబోయారు. "ఇదేమిటండీ టీచర్ గారూ, ఇది ప్రోగ్రామా, దిష్టి యంత్రమా?" అన్నారు. వేళాకోళం కాదు. ఆయనకు నిజంగా కష్టంగా ఉంది. తన జవాబులూ మా జవాబులూ పక్కపక్కన పెట్టుకుని గదిలోకి వెళ్లిపోయారు. రెండూ అంతటా కలిశాయి, మూసీ ఒడ్డు వరసలో తప్ప. ఆ వరసను ఆయన తెల్లకాగితం మీద చేత్తో కూడుకున్నారు. బయటికి వచ్చి, "నాదే తప్పు. చివరి వరసకు ఒక పక్కను కలపలేదు," అన్నారు. ఆ మాట అనడానికి ఆయన మొహమాటపడలేదు. అయితే వెంటనే ఇంకో మాట కూడా అన్నారు.

"సరిగ్గానే వచ్చింది, కాదనను. కానీ రేపు మీరు రాకపోతే దీన్ని ఎవరు దిద్దుతారు? నాది పది పేజీలైనా, తప్పున్నా, ఎవరైనా కూర్చుని చదవగలరు. ఇది మీ బుర్రలో ఉన్నంతసేపే పనిచేస్తుంది."

 కిందికి దిగేటప్పుడు టీచరమ్మ నాతో, "ఆయన అన్నదాంట్ల తప్పు లేదు బిడ్డా. నేను పొట్టిగ రాసింది గొప్పకు కాదు. పొడుగు రాస్తే నేనే మళ్ల చదువుకోలేను. గీ ఒక్క వరస అయితే నోటికి ఉంటది," అంది. ఆ వారం అంతా ఆమె ఆ భాషలో ఇంకా కొన్ని వరసలు రైల్లో కట్టుకుని వచ్చేది. స్టేషను గేటు నుంచి ఆఫీసు మెట్ల దాకా నాకు వల్లెవేయించేది. తినుబండారాల దుకాణాల ముందు నుంచి నడుస్తూ "ఎడమకు తిప్పు, కలుపు, కుడికి తిప్పు" అని గొణిగే ఇద్దరు ఆడవాళ్లను జనం వింతగా చూసేవాళ్లు.

మేనేజరు చివరికి మా వరసే వాడడానికి ఒప్పుకున్నారు. ఆయన పెట్టిన షరతు ఒకటే. దాన్ని నేను కూడా పూర్తిగా నేర్చుకోవాలి, ప్రతి గుర్తూ ఏం చేస్తుందో మామూలు మాటల్లో రాసి ఫైల్లో పెట్టాలి. అది రాయడానికి నాకు ఆ వరస తయారవడానికి పట్టినదానికంటే ఎక్కువ కాలం పట్టింది.

కొన్ని వారాల తర్వాత దోమల శాఖ డాక్టరు ఒకాయన, ఈ మొత్తాలు ఎట్లా వస్తున్నాయో తెలుసుకుంటానని ఆఫీసుకు వచ్చారు. మేనేజరు పటాన్ని పెద్ద కాగితం మీద గీయించి గోడకు తగిలించారు. గీసినవాళ్లు అంకెలు మాత్రం చిన్నవిగా రాశారు. టీచరమ్మను ముందు నిలబెట్టారు. ఆమె పటాన్ని జరపడం, కూడడం అంతా చక్కగా చెప్పింది. బడిలో పాఠాలు చెప్పిన మనిషి, గొంతు గది చివరి దాకా వినబడుతోంది. డాక్టరు గారికి అర్థమైంది. ఆయన ఉత్సాహంగా లేచి, పెన్సిలుతో ఒక గడి మీద కొట్టి అడిగారు.

"మరి ఇక్కడ చూడండి, దీనికింత ఎందుకొచ్చింది? ఇందులో ఎంతుంది అసలు?"

టీచరమ్మ పటం వైపు తిరిగింది. తల కాస్త పక్కకు వంచింది. నేను నా కుర్చీలోంచి ఆ అంకె చూడగలుగుతున్నాను. నోటిదాకా వచ్చింది. చెబితే ఆమెను కాపాడినట్టు అవుతుందో, పట్టిచ్చినట్టు అవుతుందో తేలలేదు. అంతలో ఆమే మాట్లాడింది.

"నాకు కనబడదు సార్. నా కండ్లు ఖరాబైనయి. అమ్మాయి చదువుతది, మీరు ఏ గడో ఆమెకు చూపియ్యండి."

 డాక్టరు గారు పెన్సిలు దించారు.  నేను లేచి పటం దగ్గరికి పోయి ఆ గడిలోదీ, చుట్టుపక్కలవీ చదివాను. ఆమె మనసులో కూడుకుని, పైన ఉన్న రెండు గడుల వల్ల అంత వచ్చిందని చెప్పింది. సమావేశం ఇంకాసేపు సాగింది. టీ వచ్చింది. డాక్టరు గారు పోతూ పోతూ ఏ కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లారని ఆమెను విడిగా అడిగి, చెప్పింది విని తల ఊపారు.

వాళ్లు పోయాక మేనేజరు నన్ను గదిలోకి పిలిచారు.

"నీకు ఎప్పటినుంచి తెలుసమ్మా?"

చెప్పాను.

"నాకెందుకు చెప్పలేదు?"

"నా సంగతి కాదు కద సార్ అది."

ఆయనకు కోపం వచ్చింది. ఆమె మీద కంటే నా మీదే ఎక్కువ. కాసేపటికి కుర్చీలో వెనక్కి వాలి, "ఇన్నాళ్లు నేను ఆవిడకి అచ్చుకాగితాలు ఇచ్చి చూడమన్నాను. ఎంత కష్టపడి ఉంటుందో," అన్నారు. ఆమె భయపడ్డ రెండు మాటల్లో మొదటిది అదేనని నాకు తోచింది. ఇంట్లో కూర్చోమనే రెండోది ఆయన అనలేదు. మర్నాటి నుంచి టీచరమ్మ బల్లనూ నా బల్లనూ పక్కపక్కన వేయించారు. ఆమె ఆలోచించాలి, నేను చదవాలి, కొట్టాలి. ఆఫీసు రికార్డుల్లో మాత్రం ఏ మార్పూ రాయలేదు. పై వాళ్లకు తెలిస్తే తనే మాట్లాడతానన్నారు.

ఆ ఏర్పాటు ఏడాదికి పైగానే నడిచింది. ఆ రోజులు నాకు బాగా గుర్తు. ఒకరోజు మందు కొట్టేవాళ్లు మా సందుకే వచ్చారు. మా లెక్కలో మా గడికి ఎక్కువ వచ్చింది మరి. అమ్మ వంటింటి గుమ్మంలో అడ్డంగా నిలబడి, పచ్చడి జాడీలు తీసేదాకా లోపలికి రానివ్వలేదు. "ఎవడు చెప్పిండయ్యా మా ఇంట్ల దోమలున్నయని?" అని ఆమె కేకలేస్తుంటే నాన్న నా వైపు చూశాడు. నేను జాడీలు మోసే పనిలో పడ్డాను. ఆ ఏడు జ్వరాలు తగ్గాయో లేదో, తగ్గితే అది మా కూడిక వల్లో వానలు వెనకబట్టడం వల్లో నాకు తెలియదు. ఎవరూ వచ్చి చెప్పలేదు.

తర్వాత ఊరి చివరి సంస్థ తన యంత్రాన్ని బయటివాళ్లకు ఇవ్వడం మానేసింది. తీగ తీసేశారు. బంతి ఉన్న మిషనును గోనెపట్టా చుట్టి కిందికి దించారు. మేం మళ్లీ కార్డుల పెట్టెలకు వచ్చాం. ఇంకో చోట ఉన్న ఇంకో యంత్రానికి పంపడం మొదలైంది. అక్కడ ఏపీఎల్ లేదు. మేనేజరు తన పాత ప్రోగ్రాం బయటికి తీసి, మూసీ ఒడ్డు వరస దిద్దుకుని, అదే నడిపించారు. బాగానే నడిచింది.

పొడుగు ప్రోగ్రాంలు వినడం టీచరమ్మకు సాగలేదు. నేను పేజీలు చదివేదాన్ని, ఆమె వినేది, నడుమ దారి తప్పిపోయేది. ఇద్దరికీ విసుగొచ్చేది. ఒకసారి నేను గొంతు పెంచి చదివితే, "నాకు కండ్లు లేవు గని చెవులున్నయి బిడ్డా," అంది. మందలింపేం కాదు, మామూలుగానే అంది. ఆ నెలలోనే రాజీనామా రాసి ఇచ్చింది. ఆమె చెప్పింది, నేను టైపు చేశాను. మెదక్‌లో తను ఇదివరకు పాఠాలు చెప్పిన బడికే అనుబంధంగా ఉన్న ఆడపిల్లల హాస్టల్లో ఉండి లెక్కలు చెప్పడానికి పిలిచారట. మేనేజరు వద్దనలేదు, తొందరపెట్టలేదు కూడా. చివరి రోజు ఆయన ఆమెను నాంపల్లి స్టేషను దాకా తన స్కూటరు మీద దిగబెట్టారు. నేను వెనకాల నడిచి వెళ్లాను. నేను చేరేసరికి రైలు కదిలిపోయింది.

నేను రెండేళ్లకు మెదక్ వెళ్లాను. అప్పటికి ఆబిడ్స్ ఆఫీసు వదిలి, జీతాల లెక్కలు చేసే ఇంకో చోట చేరి ఉన్నాను. వెళ్లేసరికి ఆమె హాస్టలు వరండాలో కూర్చుని పెద్ద తరగతి పిల్లలకు నోటిలెక్కలు చెబుతోంది. కొంచెం లావైంది. ఇప్పుడు నేనేం రాస్తున్నానని అడిగింది. పేజీలకు పేజీలు అని చెప్పాను. "నీకు కండ్లున్నయి, రాయి," అని నవ్వింది. నన్ను వార్డెన్ దగ్గరికి తీసుకుపోయేదాకా ఆమెకు మనసు నిలవలేదు. హాస్టల్లో కుట్టు నేర్పడం కొత్తగా మొదలైందట, మిషన్లు లెక్కల గదిలో వేశారట, పిల్లలు లెక్కలు ఎగ్గొట్టి కుట్టుకు పోతున్నారట.

"లెక్కలు చదివితే ఆడపిల్లకు నౌకరి దొరుకుతదని నువ్వు చెప్పు. నేను చెప్తే ముసల్ది అంటున్నది అనుకుంటరు."

వార్డెన్ సాదాసీదా మనిషి. మాకు టీ ఇచ్చి, నేను చెప్పింది ఓపికగా విన్నది. కుట్టు వచ్చినా నౌకరి దొరుకుతుందని ఆవిడ అన్నది. అది కూడా నిజమేనని నేను ఒప్పుకోవలసి వచ్చింది. టీచరమ్మ బల్ల మీద వేళ్లు కొడుతూ కూర్చుంది. వాదం ఎటూ తేలలేదు. భోజనం చేసి, సాయంత్రం బస్సుకు నేను బయల్దేరుతుంటే, ఇద్దరు పిల్లలు కుట్టుమిషను ఒకదాన్ని చెరో వైపు పట్టుకుని లెక్కల గదిలోంచి వరండాలోకి ఈడుస్తున్నారు. వార్డెన్ గుమ్మంలో నిలబడి, గోడకు తగలకుండా చూడమని వాళ్లకు చెబుతోంది.